కోట మెట్ల కింద మీటరు

"నేనేదో ఘనకార్యం చేశానని చెప్పుకోవడం లేదర్రా. జరిగింది జరిగినట్టు చెబుతున్నానంతే. ఆ గైడు కిటికీల లెక్క తప్పు చెప్పాడు, నేను సరిచేశాను. ఇందులో గొప్పేముంది? నా చోట మీరున్నా అదే చేసేవాళ్లు. అంటే, మీకు లెక్కపెట్టడం వచ్చుంటే."

మీటర్ మావయ్య ఇంత వినయంగా మొదలుపెట్టాడంటే ఆ పూట మా టీకొట్టు దగ్గర ఎవరూ తొందరగా లేవరని అర్థం. ముప్ఫై ఐదేళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకున్న మనిషి. పోయినేడు రిటైరయ్యాడు గానీ ఆయన పేరూ రిటైరవలేదు, నోరూ రిటైరవలేదు. పోయిన నెల అత్తయ్యతో కలిసి విదేశంలో కోటలు, రాజభవనాలు చూపించే టూరుకి వెళ్లొచ్చాడు. పంపించింది నేనే. టీకొట్టు పక్కనున్న ట్రావెల్ ఆఫీసు నాదే. ఆ టూరులో ఒకే ఒక్క రోజు గురించి ఆయన నెల రోజులుగా చెబుతూనే ఉన్నాడు. చెప్పిన ప్రతిసారీ కోట ఇంకో అంతస్తు పెరుగుతోంది.

ఆ పొద్దున మాత్రం ఊసుపోక చెప్పడం లేదు. వచ్చే నెల మా వీధి నుంచి ఇరవై రెండు మంది అదే టూరుకి బయల్దేరుతున్నారు. గుంపుకి ఒక నాయకుడు ఉండి తీరాలని టూరు కంపెనీ వాళ్ల పట్టు. ఆ నాయకుడు పసుపు బ్యాడ్జి పెట్టుకుని, బస్సులో ముందు సీట్లో కూర్చుని, ఎవరూ తప్పిపోకుండా అందర్నీ కూడగట్టుకు తిరగాలి. పది గంటలకల్లా ఆ పేరు రాసి ఫారం పంపించెయ్యాలి. ఫారం నా ఒళ్లో ఉంది, పెన్ను నా చేతిలో ఉంది, పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

పోటీలో ఇద్దరున్నారు. ఒకరు మా హెడ్‌మాస్టరమ్మ. బడి వదిలి ఆరేళ్లయినా, పక్కన ఇద్దరు గుసగుసలాడుకుంటే ఇప్పటికీ తల తిప్పి చూసే మనిషి. ఆవిడకి దాని మీద పెద్ద మోజేం లేదు, "అందరూ చెయ్యమంటే చేస్తాను" అంది. రెండో మనిషి మావయ్య. ఆయన, అత్తయ్య మళ్లీ బయల్దేరుతున్నారు. "ఒకసారి చూశారుగా మావయ్యా" అని నేనంటే, "మొదటిసారి వాళ్లు నన్ను చూశార్రా. ఈసారి నేను వాళ్లని చూడాలి" అన్నాడు. ఆయనకి ఆ పసుపు బ్యాడ్జి ఎంత కావాలో నాకు తెలుసు. ముప్ఫై ఐదేళ్లు జేబుకి బ్యాడ్జి తగిలించుకుని తిరిగాడు, ఆయన తడితే తలుపు తియ్యని ఇల్లు లేదు. ఇప్పుడు ఉత్త జేబుతో పొద్దున్నే వచ్చి ఈ బెంచీ మీద కూర్చుంటాడు. ఆ కోతలు వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది, ఆ ఖాళీ జేబు చూస్తే మళ్లీ జాలేస్తుంది.

"ఇంతకీ ఎన్ని కిటికీలు మావయ్యా?" అన్నాడు టైలరు. కొట్టు తెరిచే వేళ దాటిపోయినా తాళంచెవి వేలికి తిప్పుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

"అక్కడికే వస్తున్నా. పొద్దున్నే బస్సు దిగామా, ఎదురుగా రాజభవనం. భవనం అంటే మన పెద్ద పోస్టాఫీసు లాంటిది అనుకునేరు! ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర ఇంకా తెల్లారలేదు, అంత పొడుగు. మా గైడు సన్నగా రివటలా ఉన్నాడు, దానికి తోడు జలుబు. మా అందరి మెడలో తలొక చిన్న పెట్టె వేసి, దానికున్న బుడిపె చెవిలో పెట్టుకోమన్నాడు. ఆయన కాలరుకి మైకు. అందులో గుసగుసలాడినా చాలు, నలభై మందికి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. 'ఈ భవనానికి మూడు వందల అరవై ఐదు కిటికీలు, రోజుకొకటి చొప్పున' అన్నాడు. నేను అలా ఒక్క చూపు చూశాను. చూసి, 'బాబూ, మూడు వందల అరవై నాలుగే' అన్నాను."

"ఒక్క చూపులో లెక్కపెట్టేశారా?" అంది టీకొట్టు అక్క, పాల గిన్నె మీంచి కళ్లు తిప్పకుండానే.

"ఏం తల్లీ, గిర్రున తిరిగే మీటరు ముందు నిలబడి అంకెలు పట్టుకున్న కళ్లివి. కదలకుండా కూర్చున్న కిటికీలు ఒక లెక్కా? గైడు నవ్వాడు. నవ్వితే నాకు పౌరుషం రాదూ! 'పిలువు మీ పెద్దవాళ్లని' అన్నాను. పెద్దాయన వచ్చాడు, నిచ్చెనలు తెచ్చారు, నలుగురు మనుషులెక్కి ఒక్కో కిటికీ తట్టి చూశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో అంతస్తులో చివరి కిటికీ అసలు కిటికీయే కాదు! గోడ మీద రంగుతో వేసిన బొమ్మ! రెండొందల ఏళ్లుగా పనివాళ్లు ఆ బొమ్మకి తెరలు కడుతున్నారు, అద్దం తుడుస్తున్నారు, చలికాలం వస్తే గడియ వేస్తున్నారు. అడగండి మీ అత్తయ్యని."

అత్తయ్య పక్క బెంచీ మీద వాకింగు బూట్లు విప్పేసి, కాళ్లు చాపుకుని టీ తాగుతోంది. "కిటికీలైతే చాలానే ఉన్నాయి" అంది.

"విన్నారుగా! ఆ దెబ్బకి గైడు తన కాలరు మీది మైకు తీసి నా కాలరుకి తగిలించేశాడు. 'అయ్యా, మీరుండగా నేను మాట్లాడడం బాగోదు. నా గొంతు కూడా పోయింది. ఇక మీరే చెప్పండి' అని కాగితాలు నా చేతిలో పెట్టాడు."

"గొంతు పోయిన మాట నిజమే" అంది అత్తయ్య.

"మధ్యాహ్నం రెండో భవనానికి వెళ్లాం. అది రాణిగారిదట. నాట్యశాల నడిమధ్య దీపాల గుత్తి వేలాడుతోంది, ఎనిమిది వందల దీపాలు. అందరూ 'ఆహా' అంటున్నారు. నేను 'ఆహా' అనలేదు. నా కన్ను అందులో ఒకే ఒక్క బల్బు మీద పడింది. అది వణుకుతోంది. 'ఎక్కడివాళ్లు అక్కడే నిలబడండి!' అని మైకులో అరిచాను. ఎందుకో చెప్పండి చూద్దాం. ఎనిమిది వందల దీపాలూ ఒకే ఫేజు మీద వేశారర్రా, ఒకే ఫేజు! ఇంకో పావుగంట ఆగితే భవనం, తోట, తోటలో నెమళ్లు, అన్నీ బుగ్గే. మీ అత్తయ్య తల్లోంచి ఒక పిన్ను లాగాను. అలా వెళ్లి, ఇలా గుచ్చి, ఇలా తిప్పాను. అంతే! ఎంత వెలుగొచ్చిందంటే, పక్క దేశంలో తెల్లారిందనుకుని కోళ్లు కూశాయి."

"మధ్యాహ్నం కదా మావయ్యా, మళ్లీ తెల్లారడమేంటి?" అన్నాడు బార్బరు.

"అదేగా నేను చెప్పేది! మధ్యాహ్నం పూట మళ్లీ తెల్లారింది! అక్కడి ఉద్యోగులు కొందరు అది మర్నాడనుకుని మళ్లీ పనిలోకి వచ్చారు కూడా."

టైలరు ఇంకో టీ చెప్పాడు. హెడ్‌మాస్టరమ్మ సంచిలోంచి ఆ కోటల గురించిన చిన్న పుస్తకం తీసి వేలితో పేజీలు తిప్పుతోంది. నేను గడియారం చూశాను, తొమ్మిదిన్నర. "మావయ్యా, ఫారం..." అని నసిగాను.

"ఉండరా, కోట దగ్గరికి రానీ. ఆ కోట సంగతి వింటే ఆ ఫారంలో పేరు నీ పెన్నే రాసేస్తుంది. కోట అంటే, కొండ మీద ఇంకో కొండ పెట్టినట్టుంది. పద్నాలుగు బురుజులు."

"ఇందులో పన్నెండని ఉందండీ" అంది హెడ్‌మాస్టరమ్మ.

"ఆ పుస్తకం రాసేనాటికి పన్నెండే ఉండి ఉంటాయమ్మా. సరే, లోపలికి వెళ్లాం. ఈ ఎత్తున రాతి మెట్లు. మనవాళ్లంతా తలెత్తి పైకి చూస్తున్నారు. నేను వంగి కిందికి చూస్తున్నా. ఏ ఇల్లయినా తీసుకోండి, మీటరు ఎక్కడ పెడతారు? మెట్ల కింద. పాత చెప్పులు, విరిగిన కుర్చీలు, కరెంటు మీటరు, ఈ మూడిటికీ మెట్ల కిందే చోటు. ముప్ఫై ఐదేళ్లు వంగీ వంగీ, నాకు మెట్లు కనిపిస్తే చాలు నడుం దానంతటదే వంగుతుంది. చూద్దును కదా, మెట్ల కింద చిన్న తలుపు. దాని మీద ఏదో రాసి ఉంది."

"ఏం రాసుంది?"

"లోపలికి రావద్దని రాసుంటుంది. అలాంటి తలుపు వెనకే కదరా మీటరు ఉండేది! తోశాను. లోపలికి అడుగు పెట్టానో లేదో, వెనకాల తలుపు ధన్‌మని మూసుకుపోయింది. ఇంకొకడైతే అక్కడే కళ్లు తేలేసేవాడు. నేనేం చేశాను? చొక్కా సర్దుకున్నాను. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే, ఏముంది, సొరంగం! పుస్తకం తిప్పకండమ్మా, అందులో ఉండదు. అది రాసినాయన మెట్ల కిందికి వంగి ఉండడు. ఎంత పొడుగు సొరంగమంటారా? పొద్దున నున్నగా గడ్డం గీసుకుని బయల్దేరానా, ఆ చివరికి చేరేసరికి ఇదిగో, గుండెల దాకా గడ్డం."

"ఒక్కరోజులోనా!" అన్నాడు బార్బరు.

"చలిదేశం కదరా. ఒంటికి చలేస్తే వెంట్రుక ఊరుకుంటుందా?"

"అక్కడ కొట్టు పెట్టుకుంటే నా పని బాగుండేది" అని బార్బరు నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

"ఆ చివర ఎవరున్నారో తెలుసా? కాపలావాడు. ఏడడుగుల మనిషి. నెత్తి నుంచి కాలి వేలి దాకా ఇనుప బట్టలు. మొహానికి కూడా ఇనుప మూతే, కళ్ల దగ్గర సన్నటి గీత. చేతిలో నా అంత పొడుగు కత్తి."

"ఇనుప బట్టలకి కుట్లు ఎక్కడేస్తారు మావయ్యా?" అన్నాడు టైలరు.

"కుట్లు కాదురా, మేకులు."

"నడుం ఎంతుంటుంది?"

"యాభై రెండు."

టైలరు మనసులోనే కొలుచుకుని, అంత గుడ్డ దొరకదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"వాడు కత్తి దూశాడు. నేను టెస్టరు దూశాను. నవ్వకండి! నా జేబులో టెస్టరు లేకుండా ఏనాడైనా చూశారా? విమానం ఎక్కేటప్పుడు అడిగారు, ఇదేమిటని. 'బాబూ, ఇది ఆయుధం కాదు, నా ఉద్యోగం' అన్నాను. కళ్లు తుడుచుకుని వదిలేశారు. ఇక చూస్కోండి, వాడి కత్తి, నా టెస్టరు! ఠంగు ఠంగుమని మోత! నిప్పురవ్వలు! ఆ రవ్వల వెలుగులోనే గోడల మీదున్న పాత చిత్రాలన్నీ వరసగా చూసేసుకున్నాను. టూరుకెళ్లి చూడకపోతే ఎలా మరి! గంటన్నర కొట్టుకున్నాం. చివరికి వాడి మోకాలి దగ్గర మేకు ఒకటి వదులుగా కనిపించింది. టెస్టరు పెట్టి ఒక్క తిప్పు తిప్పాను. దబ్బున కూలబడ్డాడు. పడి ఏమన్నాడో తెలుసా? 'అయ్యా, మూడొందల ఏళ్లుగా నిలబడే ఉన్నాను. నన్ను కూర్చోబెట్టినవాడివి నువ్వొక్కడివే' అన్నాడు."

"ఏ భాషలో అన్నాడు?" అంది హెడ్‌మాస్టరమ్మ.

"తెలుగులోనే."

"వాడికి తెలుగెలా వచ్చు?"

"ప్రాణం మీదికొస్తే ఎదుటివాడి భాష దానంతటదే వచ్చేస్తుందమ్మా. మీ బడిలో చెప్పరు గానీ."

హెడ్‌మాస్టరమ్మ పుస్తకం మూసేసింది. ఆవిడ పెదవి కొస కాస్త వంగడం నేను చూశాను. కొట్టు ముందు పేపరు సైకిలు ఆగింది, పాలవాడు ఆగాడు, వాకింగుకి వచ్చి ఇళ్లకి పోవాల్సిన నలుగురాడవాళ్లు ఆగిపోయారు. మావయ్య బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. జనం పెరిగితే ఆయన కూర్చోలేడు.

"వాడు నన్ను చెయ్యి పట్టుకుని లోపలి హాల్లోకి తీసుకెళ్లాడు. అక్కడ గోడంత పటం. పటంలో రాజుగారు. నేను అలా చూస్తూ ఉండగానే రాజుగారు పటంలోంచి ఒక కాలు బయటపెట్టారు. తర్వాత రెండోది. దిగి, అంగీ దులుపుకుని, 'వచ్చావా నాయనా' అన్నారు."

"ఆ రాజు పోయి నాలుగొందల ఏళ్లయిందటగా" అంది టీకొట్టు అక్క.

"పోతే? మనలాంటి వాళ్లం పోతే పోయినట్టే. పెద్దవాళ్లకి పటాలుంటాయి, వచ్చిపోతుంటారు. 'ఈ కోట కట్టిన దగ్గర్నుంచీ మీటరు చూసిన పాపాన పోలేదు ఒక్కడూ. నువ్వు చూడు' అన్నారు. చూశాను. అబ్బ! చక్రం ఎంత జోరుగా తిరుగుతోందంటే, ఆ గాలికి రాజుగారి కిరీటం ఎగిరిపోయింది. ఒక చేత్తో కిరీటం పట్టుకుంటూ, రెండో చేత్తో నాలుగొందల ఏళ్ల రీడింగు రాశాను. రాసి, అలవాటు కొద్దీ మెయిన్ స్విచ్చు ఒకసారి ఆపి, మళ్లీ వేశాను. అప్పుడు కదిలిందర్రా కోట! మొత్తం కోట! పద్నాలుగు బురుజులూ మీటరు చక్రంలా గిర్రున తిరిగాయి. ఆగేసరికి తూర్పు గుమ్మం పడమటికి వచ్చేసింది. అబద్ధమనుకుంటే వచ్చే నెల వెళ్తున్నారుగా, మీరే చూడండి. బస్సు కోటకి వెనకవైపే ఆపుతారు. ఎందుకనుకున్నారు మరి?"

అందరూ నా వైపు చూశారు. బస్సు వెనకవైపు ఆపే మాట నిజమే, పార్కింగు అక్కడుంది. తలూపక తప్పింది కాదు. జనంలోంచి "ఓహో" అని ఒక శబ్దం లేచింది.

"అప్పుడు రాజుగారు నా భుజం మీద చెయ్యేశారు. 'ఈ కోటకి నువ్వే సేనాపతివి. మా అమ్మాయిని కూడా చేసుకో' అన్నారు. పెళ్లయిపోయిందండీ అన్నాను. 'పోనీ సేనాపతిగా ఉండిపో' అన్నారు. అప్పుడు నాకు మీరు గుర్తొచ్చారు. ఒట్టు! 'మహాప్రభో, మా వీధిలో ఇరవై రెండు మంది టూరుకి రావాలని ఉన్నారు. దారి తెలీదు, భాష రాదు, పాపం వాళ్లకి నాయకుడు లేడు. నేను వాళ్లని వదిలి ఇక్కడ ఉండలేను' అన్నాను. రాజుగారు కిరీటం తీసి కళ్లు తుడుచుకున్నారు."

టైలరు కూడా కళ్లు తుడుచుకున్నాడు, నవ్వి నవ్వి.

"ఇక్కడ నేను రాజ్యాలు వదులుకుంటుంటే అక్కడ బయట మీ అత్తయ్య పరిస్థితి చూడాలి. ఒకటే ఏడుపు! 'మా ఆయనేడీ, మా ఆయనేడీ' అని మెట్ల మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది. నలభై మంది పట్టుకున్నా ఆగడం లేదు. రెండున్నర గంటల తర్వాత నేను బయటికొచ్చి, 'పిచ్చిదానా, నేనుండగా నీకు భయమేంటే' అని చెయ్యి పట్టుకున్నాక గానీ ఆవిడకి ఊపిరాడలేదు. ఆడవాళ్లకి ధైర్యం తక్కువ కదా, ఏం చేస్తాం. అందుకే పక్కన నాలాంటివాడు ఒకడు ఉండాలి. అదర్రా సంగతి."

చప్పట్లు కొట్టారు. పేపరతను సైకిలు గంట కొట్టాడు. "ఈయనతో వెళ్తే కోట చూసినా చూడకపోయినా పొద్దుపోతుంది" అంది నలుగురాడవాళ్లలో ఒకావిడ. అందరూ తలూపారు. హెడ్‌మాస్టరమ్మ కూడా నా వైపు తిరిగి, "ఆయన పేరే రాసెయ్యి నాయనా, నా మోకాళ్లు కూడా అంతంతమాత్రం" అంది. మావయ్య మొహం వెలిగిపోయింది. చెయ్యి తెలీకుండానే చొక్కా జేబు మీదికి వెళ్లింది, బ్యాడ్జి ఉండాల్సిన చోటికి. నేను పెన్ను మూత తీశాను.

"ఒక్క నిమిషం బాబూ, రాయకు" అంది అత్తయ్య.

టీ గ్లాసు పక్కన పెట్టి, చాపిన కాళ్లు దించుకుని సరిగ్గా కూర్చుంది. "ఏవండీ, ఆ మైకుకి చిన్న మీట ఉందని, మాట్లాడనప్పుడు నొక్కి ఆపెయ్యమని గైడు చెప్పాడు. గుర్తుందా?"

"చెప్పే ఉంటాడు."

"మీరు ఆపలేదు."

మావయ్యకి అది అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. జేబు మీదున్న చెయ్యి మెల్లిగా కాలరు దాకా వెళ్లి ఆగిపోయింది.

"మీరు ఆ తలుపు తోసిన దగ్గర్నుంచీ నలభై మంది చెవుల్లోనూ మీరే. ముందు 'మీటరు ఇక్కడే ఉండాలే' అన్నారు. తర్వాత తలుపు పడిన చప్పుడు. తర్వాత 'ఎవరండీ అక్కడ' అన్నారు. ఆ తర్వాత 'సార్' అన్నారు."

"ఎవర్ని సార్ అన్నారత్తయ్యా?" అన్నాడు టైలరు.

"ఆ ఇనుప బట్టల్ని. లోపల మనిషి లేడు నాయనా. ఉత్త బట్టలే, కర్ర కొయ్యకి తగిలించి పెట్టారు. అది పాత సామాన్లు పడేసుకునే గది. సొరంగం లేదు, రాజూ లేడు, ఓ మూల నాలుగు చీపుర్లున్నాయి. నేనే వెళ్లి తలుపు తీశానుగా, కళ్లారా చూశాను. ఈయన చీకట్లో ఆ బట్టలకి దణ్ణాలు పెడుతున్నారు. 'సార్, దారి తప్పాను సార్. నేను మంచివాణ్ణే సార్. మీరు పలక్కపోతే నాకు భయమేస్తోంది సార్' అని. గైడు నా దగ్గరికొచ్చి ఏమంటున్నారాయన అని అడిగాడు. పాట పాడుతున్నారని చెప్పాను."

ఇక ఆపడం ఎవరి తరం! టైలరు కింద కూలబడ్డాడు. బార్బరు టైలరు మీద కూలబడ్డాడు. టీకొట్టు అక్క పాలు పొంగించేసింది, పొయ్యి ఆర్పేసి మరీ నవ్వింది. హెడ్‌మాస్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రెండున్నర గంటలు కూడా కాదు. పదకొండు నిమిషాలు. నేను వాచీ చూశాను. మీటరు మాట వినపడింది కాబట్టి, మెట్లు ఎక్కడున్నాయో అక్కడికి పరిగెత్తాను" అంది అత్తయ్య. ఆవిడ మాత్రం నవ్వడం లేదు.

అది ముందు గమనించింది హెడ్‌మాస్టరమ్మే. "మరి నెల రోజులు ఎందుకు ఊరుకున్నావమ్మా? మొదటి రోజే చెప్పేస్తే పోయేదిగా" అంది.

అత్తయ్య చెంగు కొస వేలికి చుట్టుకుంది.

"ఆ సారుకి ఈయన ఇంకో మాట కూడా చెప్పారండీ. 'బయట మా ఆవిడుంది సార్. నేను లేకపోయినా ఆవిడకి గడిచిపోతుంది. ఆవిడ లేకపోతే నాకు ఒక్క పూట గడవదు. నా మందులెక్కడుంటాయో, నాకేది పడదో, ఎప్పుడు ఎక్కడ దిగాలో, అన్నీ ఆవిడకే తెలుసు. ముప్ఫై నాలుగేళ్లలో ఈ మాట ఒక్కసారి కూడా ఆవిడతో అనలేదు సార్. మీరు కాస్త తలుపు తీయించండి, బయటికెళ్లగానే చెప్పేస్తాను' అన్నారు. నలభై మందీ విన్నారు. అర్థమైంది తెలుగొచ్చిన తొమ్మిది మందికి. అందులో నేనొకదాన్ని."

టైలరు నేల మీంచి లేచి నిలబడ్డాడు. ఎవరూ నవ్వడం లేదు ఇప్పుడు.

"తలుపు తీశాను. ఎదురుగా నేనే ఉన్నాను. నన్ను చూసి ఏమన్నారో తెలుసా? 'కోట బాగుందోయ్, గట్టి కట్టడం' అన్నారు. ఆ తలుపు తీసి నెలయింది. చెప్తారేమోనని రోజూ ఇక్కడ కూర్చుని వింటున్నాను. సొరంగం వచ్చింది. రాజుగారొచ్చారు, ఆయన కూతురొచ్చింది. ఇవాళ ఏడ్చింది కూడా నేనేనట. ఆ మాట మాత్రం రాలేదు."

మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఇంతమంది ముందు ఆయన మాటల కోసం తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు. అయినా ముప్ఫై ఐదేళ్ల నోరు కదా, అంత తేలిగ్గా లొంగదు. "అంటే... అదీ... ఆ కాపలావాణ్ణి మాటల్లో పెట్టడానికి అన్నానోయ్. యుద్ధంలో అదొక ఎత్తు" అన్నాడు.

"అంటే అది కూడా కోతేనా?" అంది అత్తయ్య.

గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. ఊరికే అడిగింది. ఔనంటే ఆయన పరువు కొంతైనా మిగులుతుంది, కాదంటే అంతా పోతుంది. ఆయన టైలరు వైపు చూశాడు, బార్బరు వైపు చూశాడు, నా ఒళ్లో ఉన్న ఫారం వైపు చూశాడు. అందరం తలలు దించుకున్నాం.

"కాదు" అన్నాడు. "అదొక్కటీ కాదు."

"వినపడలేదు."

వినపడే ఉంటుంది. మాకందరికీ వినపడింది. మావయ్య గొంతు సవరించుకున్నాడు. "మిగతాదంతా కోతే. సొరంగం లేదు, రాజు లేడు, కిటికీలు నేను లెక్కపెట్టనే లేదు. అదొక్కటే నిజం. నువ్వు లేకపోతే నాకు గడవదు!" ఆఖరి మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ వంగి చూసింది. అత్తయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

పది కావడానికి ఏడు నిమిషాలుంది. నేను పెన్ను పట్టుకుని ఎవరి పేరు రాయాలో తెలీక అలాగే కూర్చున్నాను.

"ఏంట్రా చూస్తావ్, మీ అత్తయ్య పేరు రాయి" అన్నాడు మావయ్య. "మూసిన తలుపు వెనకాల ఉన్న నన్ను పదకొండు నిమిషాల్లో పట్టుకుంది. ఇరవై ఒక్క మంది ఆవిడకి ఓ లెక్కా?"

రాశాను. ఎవరూ కాదనలేదు. జనం మెల్లిగా కదిలారు, టైలరు కొట్టు తెరవడానికి పరిగెత్తాడు. మావయ్య మాత్రం ఎక్కడ కూర్చోవాలో తెలీనట్టు నిలబడే ఉన్నాడు. అత్తయ్య బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చింది. ఆయన వెళ్లి పక్కన కూర్చున్నాడు. తన గ్లాసులో మిగిలిన టీ ఆవిడ ఆయనకిచ్చింది. చల్లారిపోయి ఉంటుంది, అయినా ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం తాగాడు.